కాటా ప్రోగ్రాం బిగుసుకుపోతే: థ్రెడ్ల తప్పులు పట్టుకోవడం, సరిచేయడం

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు రైసు మిల్లుల్లోనూ పత్తి జిన్నింగు మిల్లుల్లోనూ లారీ కాటా పక్కన ఒక చిన్న గది, అందులో ఒక కంప్యూటరు ఉంటుంది. బరువు అంకె చూపే పెట్టె, అంటే ఇండికేటరు నుంచి సీరియల్ కేబుల్లో బరువు వస్తుంది. ఆపరేటరు బండి నంబరు కొట్టి సేవ్ నొక్కుతారు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరులోంచి స్లిప్పు వస్తుంది. చూడ్డానికి చిన్న ప్రోగ్రామే. కానీ ఆ ఒక్క స్క్రీను వెనక పోర్టు చదవడం, అంకె చూపించడం, డేటాబేసులో రాయడం, ప్రింటు తీయడం అన్నీ ఒకదానికొకటి అడ్డు రాకుండా నడవాలి. ఇలా ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనుల దారులనే థ్రెడ్లు అంటాం. థ్రెడ్ల విషయంలో ఎన్ని రకాల తప్పులు చేయొచ్చో అన్నీ ఇక్కడ బయటపడతాయి. అందుకే ఈ వివరాలన్నీ కాటా ప్రోగ్రామునే ఉదాహరణగా పెట్టుకుని చెప్తున్నాం. ఉదాహరణలు సి షార్ప్, విండోస్ ఫారమ్స్‌వి. పైథాన్, క్యూటీ, జావా వాళ్లకు కావలసిన మాటలు తర్వాత విడిగా ఉన్నాయి.

ముందు తెలియాల్సిన రెండు సూత్రాలు

విండోస్‌లో ఏ విండో అయినా దాన్ని పుట్టించిన థ్రెడ్‌కే కట్టుబడి ఉంటుంది. మౌసు క్లిక్కు, కీ నొక్కడం, స్క్రీను మళ్లీ గీయడం, అన్నీ సందేశాలుగా ఆ థ్రెడ్ వరసలో చేరతాయి. అది ఒక్కొక్కటే తీసి పూర్తి చేస్తుంది. కాటా మీదికి ఒకసారికి ఒకే బండి ఎక్కుతుంది కదా, ముందు బండి దిగకపోతే వెనక ఎన్ని నిలబడినా కదలవు. ఇదీ అంతే. స్క్రీనును నడిపే ఈ థ్రెడ్డునే యూఐ (యూజర్ ఇంటర్ఫేస్) థ్రెడ్ అంటాం. అయిదు సెకన్లపాటు అది తన వరసలోంచి ఏ సందేశమూ తీయకపోతే, విండోస్ దాన్ని హ్యాంగ్ అయినట్టు లెక్క వేసి టైటిల్లో "నాట్ రెస్పాండింగ్" అని చూపిస్తుంది.

సూత్రాలు రెండే. యూఐ థ్రెడ్ దేనికోసమూ ఎదురుచూడకూడదు. యూఐ థ్రెడ్ తప్ప ఇంకే థ్రెడ్డూ స్క్రీనును ముట్టుకోకూడదు. మొదటిది తప్పితే విండో బిగుసుకుంటుంది. రెండోది తప్పితే ప్రోగ్రాం ఎప్పుడో ఒకప్పుడు కూలిపోతుంది, లేదా స్క్రీను మీద తప్పు కనిపిస్తుంది. వీటి పక్కనే మూడో ప్రమాదం ఉంది: రెండు థ్రెడ్లు ఒకే విలువను కాపలా లేకుండా పంచుకోవడం. మా దృష్టిలో బిగుసుకుపోవడం కంటే ఇది చాలా పెద్ద తప్పు. హ్యాంగ్ అయితే అందరికీ కనిపిస్తుంది. తప్పు అంకె మాత్రం ఎవరికీ తెలియకుండా స్లిప్పెక్కి రైతు లెక్కలోకి వెళ్లిపోతుంది.

బిగుసుకున్న నిమిషంలో ఏం చూడాలి

బయట ధాన్యం ట్రాక్టర్లు వరసగా ఉన్నప్పుడు విండో తెల్లబడితే, ఆపరేటరు వెంటనే టాస్క్ మేనేజరు తెరిచి ఎండ్ టాస్క్ కొడతారు. ఆ తొందరలో కారణం చెప్పే ఆధారం కూడా పోతుంది. ఆపే ముందు రెండు పనులు చేయమని వాళ్లకు నేర్పాలి.

ఒకటి, సీపీయూ ఎంత వాడుతోందో చూడటం. సున్నా దగ్గర ఉంటే యూఐ థ్రెడ్ దేనికోసమో కాచుకుని ఉంది: తాళం (ఒకసారికి ఒకే థ్రెడ్డును రానిచ్చే లాక్), పోర్టు, డేటాబేసు, ప్రింటరు, వీటిలో ఏదో ఒకటి. నాలుగు కోర్ల యంత్రంలో సుమారు 25 శాతం, ఎనిమిది లాజికల్ కోర్లుంటే సుమారు 12 శాతం దగ్గర కదలకుండా నిలబడితే ఒక థ్రెడ్ ఆగని లూపులో తిరుగుతోంది. ఈ ఒక్క అంకెతోనే వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

రెండు, డంపు, అంటే ఆ క్షణంలో ప్రోగ్రాం మెమరీ నకలు తీయడం. టాస్క్ మేనేజరులో ప్రోగ్రాం పేరు మీద కుడి క్లిక్కు చేసి "క్రియేట్ డంప్ ఫైల్" ఎంచుకుంటే చాలు. ప్రోగ్రాం 32 బిట్ది, విండోస్ 64 బిట్ది అయితే సిస్‌వావ్64 ఫోల్డరులోని టాస్క్ మేనేజరుతో తీయాలి, లేకపోతే డంపు చదవడం కష్టమవుతుంది. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్‌లో ప్రొక్‌డంప్ అని ఒక ఉచిత పనిముట్టు ఉంది. దాన్ని మైనస్ ఎంఏ, మైనస్ హెచ్ అనే రెండు స్విచ్చులతో నడిపి వదిలేస్తే, విండో హ్యాంగ్ అయిన క్షణంలో అదే పూర్తి డంపు రాస్తుంది. ఎప్పుడో వారానికోసారి వచ్చే తప్పులకు దీన్ని మించింది లేదు. మిల్లుకు ఇచ్చిన ఎక్జ్ ఫైలుతో పాటు పుట్టిన పీడీబీ ఫైలును (డీబగ్గరుకు కావలసిన సమాచారం ఉండేది) మీ దగ్గర భద్రంగా దాచుకోవాలి. అది లేకపోతే డంపులో కోడు లైన్ల నంబర్లు కనిపించవు.

ఆ డంపును విజువల్ స్టూడియోలో తెరిచి, థ్రెడ్స్ విండోలో మెయిన్ థ్రెడ్ మీద రెండుసార్లు నొక్కి, కాల్ స్టాకును (ఏ ఫంక్షను దేన్ని పిలిచిందో చూపే జాబితా) పైనుంచి కిందికి చదవండి. ప్రోగ్రాం మీ యంత్రంలోనే బిగుసుకుంటే డంపు అక్కర్లేదు. కంట్రోల్, ఆల్ట్, బ్రేక్ కలిపి నొక్కితే అన్ని థ్రెడ్లూ ఆగుతాయి, అదే థ్రెడ్స్ విండోలో చూడొచ్చు. పై వరసల్లో సీరియల్ పోర్టు రీడ్ కనిపిస్తే యూఐ థ్రెడ్డే పోర్టు చదువుతోంది. మానిటర్ ఎంటర్ ఉంటే ఇంకో థ్రెడ్ పట్టుకున్న తాళం కోసం చూస్తోంది. ఆ తాళం ఎవరి చేతిలో ఉందో మిగతా థ్రెడ్ల స్టాకుల్లో వెతకాలి. టాస్క్ వెయిట్ లేదా రిజల్ట్ ఉంటే, అసింక్ పనిని (పిలిచినవాళ్లను ఆపకుండా నడిచే పని) ఎవరో బలవంతంగా ఆగి అందుకోబోయారు: ఆ పని తిరిగి యూఐ థ్రెడ్‌కే రావాలి, యూఐ థ్రెడ్ ఆ పని కోసమే ఆగి ఉంది, ఇద్దరూ కదలరు. అక్కడ అవెయిట్ (థ్రెడ్డును ఆపకుండా ఫలితం కోసం చూసేది) రాయడమే సరైన మందు. లోపలి లైబ్రరీ కోడులో కాన్ఫిగర్ అవెయిట్ ఫాల్స్ (మిగతా పని యూఐ థ్రెడ్డుకే తిరిగి రానక్కర్లేదని చెప్పేది) పెట్టడం రెండో జాగ్రత్త.

పోర్టు చదివే చోట

తప్పుల్లో పెద్ద వాటా ఇక్కడిదే. కాబట్టి నిదానంగా చూద్దాం.

సీరియల్ పోర్ట్ క్లాసులో డేటా రిసీవ్డ్ అనే ఈవెంటు యూఐ థ్రెడ్ మీద రాదు, వేరే థ్రెడ్ మీద వస్తుంది. అందులోంచి నేరుగా లేబుల్ టెక్స్ట్ మారిస్తే "క్రాస్ థ్రెడ్ ఆపరేషన్ నాట్ వాలిడ్" అనే తప్పు వస్తుంది. అయితే ఈ తనిఖీ మామూలుగా డీబగ్గరు తగిలించి ఉన్నప్పుడే పనిచేస్తుంది. మిల్లులో నడిచే ప్రతికి డీబగ్గరు ఉండదు కాబట్టి అదే తప్పు నోరెత్తకుండా నడిచిపోతుంది, ఎప్పుడో ఒకరోజు స్క్రీను చెదురుతుంది. చెక్ ఫర్ ఇల్లీగల్ క్రాస్ థ్రెడ్ కాల్స్ అనే అమరికను ఫాల్స్ చేసి ఈ గోల వదిలించుకునేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. మెయిన్‌లో మొదటి వరసల్లోనే దాన్ని ట్రూ చేయండి. పరీక్షకు పెట్టిన యంత్రాల్లో కూడా తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

ఇంకో సంగతి. ఈవెంటు ఒక్కసారి వచ్చిందంటే ఒక పూర్తి బరువు వచ్చిందని కాదు. సగం ఫ్రేము (ఒక బరువుకు ఇండికేటరు పంపే బైట్ల కట్ట) రావచ్చు, ఒకటిన్నర రావచ్చు. 12450 కిలోల్లో మొదటి నాలుగంకెలు ఈసారి, చివరి సున్నా వచ్చేసారి వస్తే, జాగ్రత్త లేని ప్రోగ్రాం 1245 అని చూపిస్తుంది. అందుకే వచ్చిన బైట్లన్నీ ఒక బఫరులో చేర్చి, ఫ్రేము మొదలు గుర్తు నుంచి చివరి గుర్తు దాకా దొరికాకే అంకెగా మార్చాలి. ఫ్రేము పొడవు ఎంతో, గుర్తులేమిటో ఇండికేటరు మాన్యువల్లో ఉంటుంది. పొడవు సరిపోని ఫ్రేమును పారేయండి, అందులోంచి అంకె ఊహించవద్దు.

మూడోది వేగం. 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అంటే సెకనుకు 960 బైట్లు. ఫ్రేము 16 బైట్లదైతే, ఇండికేటరు ఆగకుండా పంపుతుంటే సెకనుకు 60 బరువులు వస్తాయి. ప్రతి బరువుకూ బిగిన్ఇన్వోక్ (యూఐ థ్రెడ్ వరసలో పని వేసి వెంటనే తిరిగొచ్చే పిలుపు) వేస్తే యూఐ థ్రెడ్ వరస పెరిగిపోతుంది. పాత యంత్రంలో స్క్రీను మీది అంకె కొన్ని సెకన్లు వెనకబడుతుంది. బండి దిగిపోయాక కూడా బరువు కనిపిస్తోందని ఆపరేటరు చెప్తే ముందు ఇదే అనుమానించండి.

ఈ మూడింటికీ కలిపి మేం సిఫారసు చేసే కట్టు ఇది. డేటా రిసీవ్డ్‌ను వదిలేసి పోర్టుకు సొంత థ్రెడ్ ఒకటి పెట్టండి, దాని ఈజ్ బ్యాక్‌గ్రౌండ్ ట్రూ చేయండి. రీడ్ టైమవుట్ 500 మిల్లీసెకన్లు పెట్టండి. ఏమీ పెట్టకపోతే అది ఎప్పటికీ ఆగకుండా ఎదురుచూస్తుంది, కరెంటు పోయి ఇండికేటరు ఆరిపోతే యూపీఎస్ మీదున్న కంప్యూటరులో ఆ థ్రెడ్ అక్కడే ఉండిపోతుంది. టైమవుట్ వచ్చిన ప్రతిసారీ ఆగమన్న సంకేతం వచ్చిందా అని చూసి మళ్లీ చదవాలి. పూర్తి ఫ్రేము దొరికితే బరువు, వచ్చిన సమయం, స్థిరంగా ఉందా లేదా అనే మూడింటినీ ఒక కొత్త ఆబ్జెక్టులో పెట్టి, వొలటైల్ (ఏ థ్రెడ్ చదివినా తాజా విలువ అందేలా చేసే మాట) అని రాసిన ఒక్క వేరియబులులో ఉంచాలి. ఆ ఆబ్జెక్టును తర్వాత ఎవరూ మార్చకూడదు.

ఇలా ఆబ్జెక్టుగా ఎందుకంటే, డెసిమల్ రకం 16 బైట్లది. ఒక థ్రెడ్ రాస్తుండగా ఇంకో థ్రెడ్ చదివితే సగం పాతది, సగం కొత్తది చేతికి రావచ్చు. 32 బిట్ ప్రోగ్రాములో డబుల్, లాంగ్ రకాలకూ ఇదే ప్రమాదం. ఆబ్జెక్టు రిఫరెన్సు మార్చడం మాత్రం సగంలో తెగదు. పైగా బరువొకటి, సమయం ఇంకొకటి విడివిడిగా ఉంటే పాత సమయం పక్కన కొత్త బరువు కూర్చునే వీలుంది.

ఇక స్క్రీను వైపు. విండోస్ ఫారమ్స్ టైమరు ఒకటి 150 లేదా 200 మిల్లీసెకన్లకు పెట్టండి. అది యూఐ థ్రెడ్ మీదే మోగుతుంది, కాబట్టి లేబుల్ మార్చడానికి ఇన్వోక్ (యూఐ థ్రెడ్డుకు పని అప్పగించి అది ముగిసేదాకా ఆగే పిలుపు) అక్కర్లేదు. సిస్టమ్ టైమర్స్‌లోని టైమరు మామూలుగా వేరే థ్రెడ్ మీద మోగుతుంది. పేరు ఒకటే కావడంతో చాలామంది ఇక్కడ పొరబడతారు. టైమరు మోగినప్పుడు ఆ వేరియబులులోని తాజా ఆబ్జెక్టు తీసుకుని చూపించాలి. అందులోని సమయం ఒక సెకను కంటే పాతదైతే అంకె తీసేసి గీతలు చూపించి, సేవ్ బటన్ ఆపేయాలి. ఈ ఒక్క తనిఖీ ఎంత మేలు చేస్తుందో చెప్పలేం. సొంత థ్రెడ్ బదులు టాస్క్‌లో పోర్టు చదువుతుంటే, అందులో వచ్చిన తప్పును ఎవరూ పట్టుకోకపోతే ఆ పని చప్పుడు లేకుండా ఆగిపోతుంది. స్క్రీను మీద చివరి బరువు అలాగే నిలబడి ఉంటుంది. తర్వాతి లారీకి ముందు లారీ బరువు పడే దారి ఇదే.

యూఎస్‌బీ కన్వర్టరు వాడేచోట కేబులు కదిలితే పోర్టు తప్పులు రకరకాలుగా వస్తాయి. పోర్టు మూసి, రెండు సెకన్లు ఆగి మళ్లీ తెరిచే లూపు థ్రెడ్‌లోనే ఉండాలి. వేరే సాకెట్లో గుచ్చితే కామ్ నంబరు (పోర్టుకు విండోస్ ఇచ్చేది) మారవచ్చు కనుక నంబరును అమరికల్లో పెట్టాలి, కోడులో కాదు.

పోర్టు థ్రెడ్‌ను ఫారం కన్‌స్ట్రక్టరులో మొదలుపెట్టకండి. అప్పటికి విండో హ్యాండిల్ (విండోస్ ఆ విండోకు ఇచ్చే గుర్తు) పుట్టి ఉండదు. ఇన్వోక్ రిక్వైర్డ్ (ఇన్వోక్ కావాలా అని చెప్పేది) ఆ సమయంలో ఫాల్స్ చెప్పి మోసం చేస్తుంది, బిగిన్ఇన్వోక్ అయితే తప్పు విసురుతుంది. విండో మొదటిసారి కనిపించాక వచ్చే షోన్ ఈవెంటులో మొదలుపెట్టండి.

మూసేటప్పుడు

ఫారం మూస్తుంటే బిగుసుకుపోవడం పాత జబ్బు. డేటా రిసీవ్డ్ హ్యాండ్లరు (ఆ ఈవెంటు వచ్చినప్పుడు నడిచే కోడు) ఇన్వోక్ పిలిచి యూఐ థ్రెడ్ కోసం ఆగి ఉంటుంది. యూఐ థ్రెడ్ పోర్ట్ క్లోజ్ పిలిచి ఆ హ్యాండ్లరు ముగియడం కోసం ఆగి ఉంటుంది. ఇన్వోక్ బదులు బిగిన్ఇన్వోక్ వాడితే ఈ ముడి పడదు. అది సందేశం వరసలో వేసి వెంటనే తిరిగొస్తుంది. తాళం పట్టుకుని ఉండగా ఇన్వోక్ పిలవకూడదన్నదీ ఇలాంటిదే.

సరిగ్గా మూసే తీరు ఇది. ఫారం క్లోజింగ్ మొదటిసారి వచ్చినప్పుడు క్యాన్సిల్ ట్రూ చేసి, బటన్లు ఆపి, పోర్టు థ్రెడ్‌కు క్యాన్సిలేషన్ టోకెన్ ద్వారా ఆగమని చెప్పి, అది ముగిసేదాకా అవెయిట్ చేసి, అప్పుడు మళ్లీ క్లోజ్ పిలవాలి. థ్రెడ్ అబార్ట్‌తో చంపడం వద్దు. కొత్త డాట్‌నెట్‌లో అది పనే చేయదు. విండో మూసినా టాస్క్ మేనేజరులో ప్రోగ్రాం పేరు ఇంకా కనిపిస్తోందంటే, ఈజ్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టని థ్రెడ్ ఏదో బతికే ఉంది. మళ్లీ తెరిస్తే "యాక్సెస్ టు ద పోర్ట్ కామ్3 ఈజ్ డినైడ్" అని వస్తుంది. ఇండికేటరుదో కేబులుదో తప్పని అనుకుని మెకానిక్కును పిలిచే ముందు ఆ పాత ప్రోగ్రాం ఉందేమో చూడండి.

సేవ్, స్లిప్పు

సేవ్ నొక్కగానే బటన్‌ను ఆపడం మొదటి వరస, మళ్లీ తెరవడం ఫైనల్లీలో. విండో బిగుసుకోకుండా ఉండాలని మధ్యలో అప్లికేషన్ డూఈవెంట్స్ పెట్టే అలవాటు మానాలి. అది వరసలో ఉన్న రెండో క్లిక్కునూ అప్పుడే నడిపిస్తుంది, ఒకే బండికి రెండు స్లిప్పులు పుడతాయి.

ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు వాడేచోట ఏ సమయంలోనైనా ఒక్కరే రాయగలరు. రెండు థ్రెడ్లు రాయబోతే "డేటాబేస్ ఈజ్ లాక్డ్" వస్తుంది. రాతలన్నీ ఒకే థ్రెడ్‌కు బ్లాకింగ్ కలెక్షన్ (థ్రెడ్ల మధ్య పనులు అందించే వరస) ద్వారా పంపండి. చదివే థ్రెడ్లకు ఎవరి కనెక్షను వాళ్లది. బిజీ టైమవుట్ 5000 మిల్లీసెకన్లు పెట్టండి. వాల్ మోడు (మార్పులను ముందు వేరే లాగ్ ఫైలులో రాసే పద్ధతి) పెడితే రాస్తుండగా కూడా నివేదికలు చదువుకోవచ్చు, కానీ డేటాబేసు ఫైలును నెట్‌వర్క్ ఫోల్డరులో ఉంచి వాల్ వాడకూడదు. సింక్రనస్ అమరికను (రాత డిస్కుకు చేరేదాకా ఎంత గట్టిగా ఆగాలో చెప్పేది) ఫుల్‌లోనే ఉంచండి. వాల్‌లో నార్మల్‌కు తగ్గిస్తే కాస్త వేగం వస్తుంది, కరెంటు పోతే మాత్రం చివరి స్లిప్పులు వెనక్కి పోవచ్చు. కరెంటు కోతలున్న చోట ఆ వేగం మనకొద్దు. స్లిప్పు నంబరును ముందే చదివి ఒకటి కలపడం తప్పు: రెండు థ్రెడ్లకూ ఒకే నంబరు దొరుకుతుంది. ఇన్సర్టు జరిగే ట్రాన్సాక్షన్‌లోనే నంబరు తీయాలి, ఆ కాలమ్ మీద యూనీక్ ఇండెక్సు ఉండాలి.

సేవ్ పూర్తయ్యాకే ప్రింటు. ఒడియా, తెలుగు అక్షరాలు రెండూ ఉన్న స్లిప్పును డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు బొమ్మలా గీస్తుంది, ఇంగ్లీషు స్లిప్పు కంటే ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి ప్రింటుకూ సొంత థ్రెడ్ ఒకటి, స్టాండర్డ్ ప్రింట్ కంట్రోలరు వాడితే మధ్యలో స్థితి చూపే పెట్టె రాదు. ఆ థ్రెడ్ టెక్స్ట్ బాక్సుల్లోంచి చదవకూడదు. ఆపరేటరు ఆలోగా తర్వాతి బండి నంబరు కొట్టేసి ఉంటారు. సేవ్ అయిన వివరాల ప్రతిని దానికి అప్పగించాలి.

వేరే భాషల్లో రాసేవాళ్లకు

పైథాన్ టికింటర్‌లో పక్క థ్రెడ్ తనకు వచ్చిన బరువును క్యూలో వేయాలి, యూఐ వైపు ఆఫ్టర్ 100తో దాన్ని చూస్తూ ఉండాలి. "మెయిన్ థ్రెడ్ ఈజ్ నాట్ ఇన్ మెయిన్ లూప్" అని వస్తే పక్క థ్రెడ్ విడ్జెట్‌ను ముట్టుకుంది. బిగుసుకున్న ప్రోగ్రాం స్టాకును పై-స్పై డంప్‌తో ముగించకుండానే చూడొచ్చు. క్యూటీలో సిగ్నల్స్ క్యూడ్ కనెక్షన్‌తో పంపండి. "క్యానాట్ క్రియేట్ చిల్డ్రన్ ఫర్ ఎ పేరెంట్ దట్ ఈజ్ ఇన్ ఎ డిఫరెంట్ థ్రెడ్" అనే హెచ్చరిక కనిపిస్తే వదిలేయకండి, ఆ ఆబ్జెక్టు వేరే థ్రెడ్‌లో పుడుతోంది. జావా స్వింగ్‌లో ఇన్వోక్ లేటర్, స్వింగ్ వర్కర్ ఉన్నాయి. స్టాకు చూడటానికి జెస్టాక్ అనే పనిముట్టు ఉంది.

ఇచ్చే ముందు పరీక్ష

కాటా లేకుండానే ఇదంతా పరీక్షించొచ్చు. కామ్‌0కామ్ అనే ఉచిత డ్రైవరు ఒకే యంత్రంలో రెండు కామ్ పోర్టులను కలిపి జత చేస్తుంది. ఒకదానిలోంచి చిన్న ప్రోగ్రాం ఫ్రేములు పంపాలి, రెండోది కాటా ప్రోగ్రాం చదవాలి. ఫ్రేమును మధ్యలో తుంచి 300 మిల్లీసెకన్లు ఆగి మిగతాది పంపండి, సగం అంకె ఎక్కడా కనిపించకూడదు. పంపడం హఠాత్తుగా ఆపండి, సెకనులో గీతలు రావాలి. డేటాబేసు రాసేచోట తాత్కాలికంగా మూడు సెకన్ల స్లీప్ పెట్టి సేవ్ బటన్‌ను గబగబా నొక్కండి, ఒక్క స్లిప్పే పుట్టాలి, బరువు అంకె మాత్రం మారుతూనే ఉండాలి. ఫ్రేములు వస్తుండగానే ఫారాన్ని పదేపదే మూసి తెరవండి, కామ్ పోర్టు ప్రతిసారీ దొరకాలి. ప్రింటరు ఆపేసి సేవ్ చేయండి, రాత నిలవాలి, స్లిప్పు తర్వాత డూప్లికేట్ గుర్తుతో తీయగలగాలి.

మిల్లులో పెట్టే ప్రతిలో ఒక కాపలా థ్రెడ్ కూడా ఉంచండి. అది సెకనుకోసారి యూఐ థ్రెడ్‌కు బిగిన్ఇన్వోక్‌తో ఖాళీ సందేశం వేస్తుంది. మూడు సెకన్లలో జవాబు రాకపోతే సమయం, చివరిగా మొదలైన పని పేరు, థ్రెడ్ నంబరు లాగ్ ఫైలులో రాస్తుంది. ఆపరేటరు ఫోన్ చేసి "మళ్లీ ఆగిపోయింది" అన్నప్పుడు ఆ ఫైలును వాట్సాప్‌లో పంపమంటే చాలు, బండ్లు కదులుతుండగానే ఎక్కడ చూడాలో తెలుస్తుంది.